ప్రహ్లాదుడికి నారదుడు దొరికాడు, మన ఇంట్లో పిల్లవాడికి ఎవరున్నారు?



ఈ వారం వీడియోలో ఎగువ అహోబిలం నుంచి ప్రహ్లాద బడి దాకా నడిచిన దారి చూపించాను. ఆ రాత్రి ఎడిటింగ్ చేస్తూ కూర్చుంటే ఒక ప్రశ్న పట్టుకుంది. వీడియోలో చెప్పడానికి సమయం చాల్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సొంత తండ్రే పసివాణ్ణి ఏనుగులతో తొక్కించబోయాడు. పాములతో కరిపించబోయాడు. కొండ మీద నుంచి తోయించాడు, విషం పెట్టించాడు, అన్నం లేకుండా మాడ్చాడు. మనం దీన్ని భక్తి గెలిచిన కథగా వింటాం. నిజమే. కానీ ఒక్కసారి పిల్లవాడి వైపు నుంచి చూడండి. ఆ వయసులో అంత చూసినవాడు పెద్దయ్యాక తండ్రిలాగా ఎందుకు మారలేదు? నీడను చూసినా ఉలిక్కిపడే మనిషి ఎందుకు కాలేదు?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి.

జొన్న సంచుల వెనక

నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మాది ఆదోని వైపు మెట్ట ఊరు. పోయిన ఏడాది ఆఫీసు వాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో నాకు బీపీ ఎక్కువని తేలింది. డాక్టరు గారు మూడుసార్లు చూశారు. ఉప్పు, నిద్ర, సిగరెట్ అన్నీ అడిగారు. ఆఖర్న, "చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేది బాబూ?" అన్నారు. నేను నవ్వేసి "మామూలే సార్" అన్నాను.

మామూలే అంటే ఇదీ. 2002 కరువప్పుడు నాకు నాలుగేళ్లు. వాన రాలేదు, బుడ్డల పైరు చేలోనే ఎండింది. అమ్మా నాయనా మా ఊరి సగం మందితో కలిసి సుగ్గికి పోయినారు, గుంటూరు వైపు మిరపకాయలు కోసేదానికి. నేనూ అక్కా అవ్వ దగ్గర ఉండిపోయినాం. ఆ తర్వాత ఏటా అదే. ఎంత కోసినా అప్పు తీరేది కాదు. నాయన తాగడం మొదలుపెట్టినాడు. రాత్రిపూట సందులో చెప్పుల చప్పుడు వింటే చాలు, ఎంత తాగి వచ్చినాడో నాకు తెలిసిపోయేది. లేచి జొన్న సంచుల వెనక దూరి కూర్చునేవాణ్ణి.

ఆ చెవులు నాకు ఇప్పటికీ అట్లానే ఉన్నాయి. ఆఫీసులో మేనేజర్ గారు నడిచి వస్తుంటే అడుగుల చప్పుడును బట్టి ఆయన ఏ మూడ్‌లో ఉన్నారో లెక్కేస్తుంటాను. ఆయన పాపం ఎప్పుడూ గట్టిగా కూడా మాట్లాడరు.

పోయిన దసరాకి అక్క వాళ్లింటికి పోయినాను. మేనల్లుడికి ఐదేళ్లు. ఆడుకుంటూ నా ల్యాప్‌టాప్ మీద పాల గ్లాసు ఒంపేసినాడు. నేను అరిచిన అరుపు నా గొంతు కాదు. మా నాయన గొంతు. వాడు పరిగెత్తుకుంటూ పోయి బియ్యం మూట వెనక దూరినాడు.

వాడికి ఆ చోటు ఎవరూ చూపించలేదు. నేను కూర్చున్న చోటే వాడూ వెతుక్కున్నాడు. ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. నేను డాక్టర్‌ని కాదు, పండితుణ్ణి కాదు. చదివి అర్థం చేసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

డాక్టర్లు లెక్కపెట్టిన పది కష్టాలు

అమెరికాలో శాన్‌డియేగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు పనిచేసేవారు. 1980లలో ఆయన లావు తగ్గించే క్లినిక్ నడిపేవారు. చక్కగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోవడం ఆయనకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే, వాళ్లలో చాలామంది చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవాళ్లని తెలిసింది. అతిగా తినడం వాళ్లకి బాధ నుంచి తప్పించుకునే దారి. లావు శరీరం కొందరికి ఒక కవచం. బయటి నుంచి మనకు జబ్బుగా కనిపించేది లోపల వాళ్లకి మందుగా పనిచేస్తోందని ఆయన గ్రహించారు.

తర్వాత రాబర్ట్ ఆండా అనే ఇంకో డాక్టరుతో కలిసి, 1995 నుంచి 1997 దాకా 17,000 మందికి పైగా పెద్దవాళ్లని ప్రశ్నలు అడిగారు. పద్దెనిమిదేళ్ల లోపు మీకు ఇవి జరిగాయా అని. ఆ పది ఇవీ: కొట్టడం, మాటలతో అవమానించడం, లైంగిక హింస, తిండీ బట్టా చూడకపోవడం, ప్రేమ చూపకపోవడం, తల్లి దెబ్బలు తినడం కళ్లారా చూడటం, ఇంట్లో తాగుడు లేదా మత్తుమందులు, ఇంట్లో మానసిక జబ్బు, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లోవాళ్లు జైలుకు పోవడం.

ఇది పేదవాడల్లో చేసిన సర్వే కాదు. ఎక్కువమంది కాలేజీ చదివినవాళ్లు, ఉద్యోగస్తులు. అయినా మూడింట రెండొంతుల మందికి కనీసం ఒక్కటైనా జరిగింది. 1998లో అచ్చయిన మొదటి ఫలితాల్లో తేలింది ఏమిటంటే, నాలుగు లేక అంతకన్నా ఎక్కువ జరిగినవాళ్లలో తాగుడు వ్యసనం, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం వంటివి, ఏ కష్టమూ చూడనివాళ్లతో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. అక్కడితో ఆగలేదు. గుండెజబ్బు, క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు కూడా కష్టాల సంఖ్యతో పాటు పెరుగుతూ పోయాయి.

అది అమెరికా జాబితా. మన సీమకి అది చాలదు. కక్షలున్న ఊళ్లో బాంబు చప్పుడు విన్న పిల్లలు, మేనమామ రక్తంలో పడి ఉండటం చూసిన పిల్లలు అందులో ఎక్కడ ఉన్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ వేరే దేశాల కోసం తయారుచేసిన ప్రశ్నల జాబితాలో ఊరి హింస, గుంపుల మధ్య హింస కూడా చేర్చారు. కర్నూలు, కడప జిల్లాల్లో ఆ జాబితా చదివితే ఎవరి పేరూ చెప్పకుండానే కొన్ని ఇళ్లు గుర్తుకొస్తాయి. అప్పుల వల్ల నాయన ప్రాణం తీసుకున్న ఇళ్లు కూడా గుర్తుకొస్తాయి.

లోపల ఏం జరుగుతుంది?

భయం వేస్తే శరీరం ఏం చేస్తుందో అందరికీ అనుభవమే. గుండె దడదడ, అరచేతుల్లో చెమట. మెదడులో బాదంగింజంత భాగం ఒకటి ప్రమాదాన్ని పసిగడుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లాగా ఉండే గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లని వదులుతాయి. బీపీ పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, కాళ్లలోకి బలం వస్తుంది. పామును చూసి పరిగెత్తాలంటే ఇది కావాలి. పాము పోయాక అన్నీ సర్దుకుంటాయి.

పాము ఇంట్లోనే ఉంటే? ప్రతి రాత్రీ వస్తే? అప్పుడు సర్దుకోవడానికి సమయం ఉండదు. చిన్నవయసులో మెదడు వేగంగా తయారవుతుంటుంది కాబట్టి, తన చుట్టూ ఉన్న లోకం ఇలాంటిదే అని ఆ పద్ధతికే అలవాటు పడుతుంది. మా ఉద్యోగంలో అలారం అని ఒకటి పెడతాం. సర్వర్ మీద భారం ఒక హద్దు దాటితే అది మోగుతుంది. ఆ హద్దును మరీ కింద పెట్టేస్తే చిన్నదానికీ పెద్దదానికీ మోగుతూనే ఉంటుంది. చిన్నప్పుడు భయంలో పెరిగినవాడి అలారం అలాంటిది. పాలు ఒలికినా మోగుతుంది.

అలా ఏళ్ల తరబడి మోగితే రక్తనాళాల మీద, గుండె మీద, నిద్ర మీద భారం పడుతుంది. దాన్ని ఆపడానికి మనిషి ఏదో ఒకటి పట్టుకుంటాడు. ఒకరికి సిగరెట్, ఒకరికి మందు, ఒకరికి అర్ధరాత్రి దాకా ఫోను. ఇక బడిలో అయితే, అలారం మోగుతున్న పిల్లవాడికి ఎక్కం తలకెక్కదు. వాడి చెవులు పంతులు గారి చేతిలో బెత్తం మీద ఉంటాయి. మనం వాణ్ణి మొద్దు అంటాం, మొండి అంటాం.

అన్ని కష్టాలూ ఇలా చేయవు. పరీక్ష భయం, కింద పడి మోకాలు చీరుకుపోవడం, వీటివల్ల పిల్లలు గట్టిపడతారు. తాతగారు పోయినా, కరువు వచ్చినా, పక్కన చెయ్యి పట్టుకునేవాళ్లుంటే పిల్లవాడు తట్టుకుంటాడు. ఆగకుండా వచ్చే కష్టం, పక్కన ఎవరూ లేని కష్టం, ఆ రెండూ కలిసినప్పుడే విషం అవుతుంది.

మన సీమలో చూసిన నిజం

"అయితే కరువులో పుట్టినవాడి తలరాత అంతేనా?" అని మీరు అడగవచ్చు. నేనూ అదే వెతికాను. జవాబు మన దగ్గరే దొరికింది.

యంగ్ లైవ్స్ అని ఒక పెద్ద అధ్యయనం ఉంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైంది. ఇక్కడ సుమారు 3,000 మంది పిల్లల్ని ఎంచుకుని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలుస్తూ వచ్చారు. అందులో 2,000 మంది అప్పటికి ఏడాది వయసు పసివాళ్లు. రాయలసీమ నుంచి కడప, అనంతపురం జిల్లాలు అందులో ఉన్నాయి. మా కర్నూలు లేదు, కానీ కరువుకి జిల్లా హద్దులు లేవు కదా.

ఆ సమయంలోనే ఇంకొకటి జరిగింది. బడుల్లో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం మొదలైంది. యంగ్ లైవ్స్ లెక్కలు చూసిన పరిశోధకులు 2014లో అచ్చువేసిన ఫలితం ఇది: పసితనంలో కరువు దెబ్బ తగిలిన పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ వెనకబడ్డారు. కానీ వాళ్లలో బడికి వచ్చి మధ్యాహ్న భోజనం తిన్నవాళ్లు ఆ లోటును పూడ్చుకున్నారు.

ఇది చదివినప్పుడు నేను కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను. నేను బడిలో చేరింది 2003లోనే. పప్పు నీళ్లలాగా ఉండేది. అన్నంలో రాళ్లు వచ్చేవి. అయినా గంట కొట్టకముందే మేం పళ్లేలు పట్టుకుని వరసలో ఉండేవాళ్లం. ఆ పప్పు నీళ్లు మా ఎముకలకు ఇంత చేసిందని నాకు ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇంకొకటి హైదరాబాదు దగ్గర పల్లెల్లో జరిగింది. 1987 నుంచి 1990 దాకా కొన్ని ఊళ్లలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అదనంగా పోషకాహారం అందింది, పక్క ఊళ్లలో అందలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక జాతీయ పోషకాహార సంస్థతో కలిసి మళ్లీ పరీక్షించారు. పోషకాహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. అది చిన్న తేడాయే. కానీ వాళ్ల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, షుగర్ జబ్బుకు దారితీసే గుణం తక్కువగా ఉంది. అంగన్‌వాడీలో పెట్టిన తిండి పదిహేనేళ్ల తర్వాత గుండెకు కాపలా కాస్తోందన్నమాట.

అన్నంతో తీరేది అన్నంతో తీరింది. మరి భయం? దానికి అన్నం పెట్టేవాళ్లెవరు?

నారదుడు చేసిన పని

ఇక్కడ మళ్లీ ప్రహ్లాదుడి దగ్గరికి వద్దాం.

హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లినప్పుడు దేవతలు అతని రాజ్యం మీద పడ్డారు. నిండు గర్భిణిగా ఉన్న అతని భార్యను ఇంద్రుడు ఈడ్చుకుపోతున్నాడు. అంటే ప్రహ్లాదుడి కష్టం పుట్టకముందే మొదలైంది. అప్పుడు నారదుడు అడ్డం వచ్చాడు. ఆమెను విడిపించి, తన ఆశ్రమానికి తీసుకెళ్లి, భర్త తిరిగి వచ్చేదాకా భద్రంగా ఉంచాడు. రోజూ మంచి మాటలు చెప్పాడు. తల్లి మరిచిపోయినా కడుపులో బిడ్డ మరిచిపోలేదని భాగవతం చెబుతుంది.

నారదుడు హిరణ్యకశిపుణ్ణి మార్చలేదు. రాజభవనంలో తర్వాత జరిగిన హింసను ఆపలేదు. చేసిందల్లా ఒక తల్లికి భయంలేని చోటు, ఒక బిడ్డకు నిలకడైన ఒక గొంతు ఇవ్వడం. అదే ఆ పిల్లవాణ్ణి నిలబెట్టింది.

ఇది పురాణం మాట మాత్రమే అనుకోకండి. హవాయి దీవుల్లో కవాయి అనే దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుడు, గొడవలున్న ఇళ్లలో పుట్టిన పిల్లల్లో మూడింట రెండొంతుల మంది చదువులోనో ప్రవర్తనలోనో దెబ్బతిన్నారు. మిగిలిన మూడోవంతు చక్కగా పెరిగారు. వాళ్లలో ఏముంది అని చూస్తే, వాళ్లకి కనీసం ఒక్క పెద్దమనిషి తోడు ఉంది. అమ్మే కానక్కర్లేదు. అవ్వ కావచ్చు, పిన్నమ్మ కావచ్చు, టీచరు కావచ్చు, పక్కింటి ఆమె కావచ్చు.

నాకు మా అవ్వ ఉంది. నాయన అరుస్తున్న రాత్రుల్లో ఆమె ఏమీ అనేది కాదు. జొన్న సంచుల దగ్గరికి వచ్చి, నా పక్కన నేల మీద చతికిలబడి, సంగటి ముద్ద చేతిలో పెట్టేది. నరసింహస్వామి కథ చెప్పేది. చదువు రాని మనిషి. ఏ పరిశోధనా చదవలేదు. చేసింది మాత్రం నారదుడి పనే.

కథను పిల్లల మీదకి వాడకండి

ఒక మాట మనసులో పెట్టుకోండి. మన ఇళ్లలో దెబ్బలు తిన్న పిల్లవాడితో "ప్రహ్లాదుడు ఓర్చుకోలేదా, నువ్వూ ఓర్చుకో" అంటుంటారు. ఆ కథ అలా చెప్పడం లేదు. పసివాణ్ణి హింసించడం దేవుడు స్తంభం చీల్చుకుని రావలసినంత అపరాధం అని చెబుతోంది. ఓర్పు నేర్చుకోవలసింది పిల్లవాడు కాదు, చెయ్యెత్తిన మనిషి.

2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నామని చెప్పారు. ఆ 13 రాష్ట్రాల్లో మనదీ ఒకటి. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో మాత్రం ఇంకా "నాలుగు తగిలిస్తేనే బాగుపడతాడు" అంటూనే ఉన్నాం.

అలాగని, చదివిన లెక్కలతో ఏ పిల్లవాడికీ ముద్ర వేయకండి. ఆ రెట్లు వేల మందిని కలిపి చూసిన లెక్క. ఒక్క మనిషి జాతకం కాదు.

రేపటి నుంచి మనం చేయగలిగినవి

1. ఇంట్లో గొడవ అయినప్పుడు పిల్లవాడు ఎక్కడికి పోతున్నాడో చూడండి. మూటల వెనకైనా, మంచం కిందైనా, అక్కడికి వెళ్లి పక్కన కూర్చోండి. బయటికి లాగకండి.

2. అరిచారా? తర్వాత తప్పు ఒప్పుకోండి. "నేను అట్లా అరిచి ఉండకూడదు, తప్పు నీది కాదు" అని పిల్లవాడితో చెప్పడం పెద్దరికానికి లోటు కాదు.

3. పగలు ఏం జరిగినా రోజుకో వేళ మారకుండా ఉంచండి. ఒక కథ, ఒక దీపం, ఒక ముద్ద. రోజూ అదే వేళకి. భయపడ్డ మనసుకి అది గూటం లాంటిది.

4. సుగ్గికి పోయేవాళ్లుంటే, మీ ఊళ్లో సీజనల్ హాస్టల్ పెడుతున్నారేమో బడిలో అడగండి. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలినా వారానికి రెండుసార్లైనా ఫోనులో గొంతు వినిపించండి.

5. అంగన్‌వాడీ గుడ్డు, బడి భోజనం మానిపించకండి. చిన్నచూపు చూడకండి.

6. పిల్లలకి హింస జరుగుతోందని తెలిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు. పెద్దవాళ్లు తమ మనసు బాగాలేకపోతే 14416 టెలీ మానస్‌కి తెలుగులోనే మాట్లాడవచ్చు. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. గుడికి పోండి, ఆసుపత్రికి కూడా పోండి. ఒకటి చేస్తే ఇంకోటి మానాలని ఏ దేవుడూ చెప్పలేదు.

చివరి మాట

హిరణ్యకశిపుడు పోయాక స్వామి ఉగ్రం ఎవరివల్లా చల్లారలేదు. దేవతలు దగ్గరికి పోలేకపోయారు, లక్ష్మీదేవి కూడా జంకింది. ఆఖరికి ఆ పసివాడే వెళ్లి కాళ్ల మీద పడ్డాడు. స్వామి తల మీద చెయ్యి పెట్టాడు. వరం కోరుకో అంటే ప్రహ్లాదుడు అడిగినవాటిలో ఒకటి, తన తండ్రి పాపం పోవాలని.

నేను ఆ మాట దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. మా నాయన ఎట్లా పెరిగినాడని నేను ఎప్పుడూ అడగలేదు. ఈ సంక్రాంతికి అడిగినాను. చాలాసేపు ఊరుకుని, "మా నాయన కట్టెతో కొట్టేవాడు రా, నేను చేత్తోనే కదా" అన్నాడు. తన వంతు తగ్గించినానని ఆయన లెక్క. ఇద్దరం నవ్వలేదు. నేను చేసిన దెబ్బలు మరిచిపోలేదు, మరిచిపోవాలని కూడా లేదు. కానీ ఆయన్ని చూస్తే ఇప్పుడు సంచుల వెనక ఇంకో పిల్లవాడు కూడా కనిపిస్తున్నాడు.

దసరా రోజు నేను బియ్యం మూట దగ్గరికి పోయి కింద కూర్చున్నాను. "మామా, నీ కంప్యూటర్ చచ్చిపోయిందా?" అన్నాడు వాడు. "పోతే పోయింది లే, నువ్వు రా" అన్నాను. రావడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను లేవలేదు.

బీపీ మాత్ర వేసుకుంటున్నాను. నిద్ర కొంచెం మెరుగైంది. అలారం ఇంకా మోగుతూనే ఉంది, కానీ మోగుతోందని ఇప్పుడు నాకు తెలుస్తోంది.

మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి పిల్లవాడు ఒకడు ఉంటాడు. వాడికి నారదుడు దొరకాలంటే ఆకాశం నుంచి దిగనక్కర్లేదు, మీరు కింద కూర్చుంటే చాలు.

అహోబిల నరసింహస్వామి పిల్లలందరినీ చల్లగా చూడాలి. వచ్చే వారం కలుద్దాం. శుభం.